లాభం, రెండు, మూడు

మీ బాబాయి గ్రూపులో పెట్టిన ఫొటో చూసి మీరంతా తెగ నవ్వుకున్నారంట. నేత చీర మీద నలుపూ తెలుపూ చారల టీషర్టు, మెడలో విజిలు. జీబ్రా అని ఎవరు రాశారో కూడా నాకు తెలుసు, చెప్పన్లే. నవ్వుకోండి. కానీ ఆ ఫొటోలో నా మొహం ఎందుకలా ఉందని ఒక్కళ్ళూ అడగలేదు. అది తీసేటప్పటికి నేనో పిల్లకి అన్యాయం చేసి మూడు నిమిషాలయింది. ఆ సంగతి నాకింకా తెలీదు. కాళ్ళు పీకుతున్నాయని విసుక్కుంటూ నిలబడ్డాను, అంతే.

ఫోన్లో చెబుదామంటే రెండు నిమిషాలకే మీకు ఏదో క్లాసు మొదలవుతుంది. అందుకని రాస్తున్నాను. మాట్లాడినట్టే రాస్తాను, నాకు ఇంకోలా రాయడం రాదు.

నేను డ్రిల్లు టీచర్ని కదా. ముప్పయ్యేళ్ళకి పైగా ఎండలో నిలబడి పిల్లల చేత చేతులెత్తించాను, దింపించాను. స్కూలు ఆటల్లో కబడ్డీకి రిఫరీగా వెళ్ళేదాన్ని. నా గొంతు చిన్నదని అందరూ అనేవారు. చిన్నదైతే ఏం, విజిలు పెద్దదే. ఒకసారి ఊదితే ఎవరెంత అరిచినా మాట మార్చేదాన్ని కాదు. ఆ పేరే నా కొంప ముంచింది.

రాజమండ్రి అవతల ఒక ఇంజనీరింగు కాలేజీలో పనిచేసే లెక్చరరు ఫోన్ చేశాడు. చిన్నప్పుడు రామచంద్రపురం దగ్గర నా దగ్గరే చదివాడు, పొలం ఉన్నవాళ్ళ పిల్లాడు.

"టీచరుగారండి, బడి పిల్లలకి రోబోల పోటీ పెడుతున్నామండి. మీరు రిఫరీగా రావాలండి."

"రోబోల గురించి నాకేం తెలుసు నాన్నా?"

"రోబోల గురించి తెలిసినవాళ్ళు మా కాలేజీ నిండా ఉన్నారండి. విజిలు ఊదాక నిలబడేవాళ్ళే లేరండి. పోయినేడాది పెద్దవాళ్ళు మీదకొచ్చేసరికి మా రిఫరీ బాత్రూంలోకెళ్ళి గడియేసుకున్నాడండి. బతిమాలి బయటికి తెచ్చామండి."

అలా అంటే ఎవరికైనా జాలేస్తుందిగా. సరే అన్నాను. అనకపోతే ఏమయ్యేదో అని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఇంగ్లీషులో నలభై పేజీల రూల్సు పుస్తకం పంపాడు. కళ్ళజోడు తుడుచుకుంటూ రెండు రోజులు చదివాను. ఆట పెద్ద కష్టమేం కాదు. మైదానం అంటే గదంత చోటు, చుట్టూ మోకాలెత్తు చెక్క గోడ, లోపల పసుపు రంగు ప్లాస్టిక్ బంతులు. ఇడ్లీ కుక్కరంత బొమ్మలు రెండు, జట్టుకొకటి. గోడ బయట నిలబడి రిమోట్‌తో నడుపుతారు. బంతులు ఏరి తమ బుట్టలో వెయ్యాలి, బంతికి రెండు పాయింట్లు. రెండున్నర నిమిషాల్లో ఆట అయిపోతుంది.

బంతుల సంగతి మూడు పేజీల్లో తేల్చేశారు. మిగతా పుస్తకమంతా ఒక బొమ్మ ఇంకో బొమ్మని తాకడం గురించే. తాకొచ్చు. తొయ్యొచ్చు. కానీ బోర్లా పడెయ్యకూడదు. చెయ్యి అవతలి బొమ్మ లోపలికి దూర్చకూడదు. తగులుకుంటే విడిపించుకోవాలి. కావాలని తగులుకుంటే ఒక శిక్ష, పొరపాటున తగులుకుంటే ఒక శిక్ష. కావాలనో పొరపాటునో ఎవరు చెప్పాలి? రిఫరీ. ఇనప బొమ్మ మనసులో ఏముందో నేను చెప్పాలంట.

అన్నిటికంటే నన్ను తికమక పెట్టింది అదిమిపట్టే రూలు. పోటీకి ముందురోజు మాకు శిక్షణ అని పిలిచి అది చెప్పాడు లెక్చరరు. ఎదుటి బొమ్మని గోడకి అదిమి కదలనివ్వకుండా పట్టుకోవచ్చు, ఐదు లెక్కపెట్టే దాకా. ఐదు దాటితే పెనాల్టీ, అవతలి జట్టుకి పది పాయింట్లు. వదిలాక రెండడుగులు వెనక్కెళ్ళాలి.

"మా ఆటలో దాన్ని పట్టు అంటారు నాన్నా," అన్నాను. "పట్టినవాళ్ళకే పాయింటు ఇస్తాం."

"ఇక్కడ వదిలినవాళ్ళే మంచివాళ్ళండి," అన్నాడు.

"మరి ఐదు దాకా పట్టుకోనివ్వడం దేనికి?"

"అంత దాకా వ్యూహమండి. ఆ తర్వాత తప్పండి."

ఐదులో వ్యూహం, ఆరులో తప్పు. ఆ రెంటి మధ్యలో నా నోరు. చివర ఇంకో మాట చెప్పాడు. "లెక్క గట్టిగా పెట్టాలండి, తెలుగులోనే పెట్టాలండి. గవర్నమెంటు బడి పిల్లలొస్తున్నారు. పోయినేడాది ఇంగ్లీషులో లెక్కపెట్టారని గొడవ చేశారండి."

అక్కడే నేను వద్దనాల్సింది. డ్రిల్లులో ముప్పయ్యేళ్ళూ వన్, టూ, త్రీ, ఫోర్ అనే అరిచాను. మైదానంలో నాకు తెలుగు లెక్కే అలవాటు లేదు. తెలుగులో లెక్కపెట్టడం నాకు వంటింట్లో అలవాటు. ఆ తేడా అప్పుడు నాకు తట్టలేదు.

ఇంకోటి. మాకు ఇంగ్లీషు పుస్తకం ఇచ్చారు. పిల్లలకి దాన్ని కుదించి నాలుగు పేజీల తెలుగు కాగితం ఇచ్చారు. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివినవాడు ఆ కాలేజీ మొత్తంలో ఒక్కడూ లేడు. నేనూ చదవలేదు.

పోటీ రోజు పొద్దున్నే నన్ను బంపర్లు చూసే పనికి పెట్టారు. బొమ్మ చుట్టూ మెత్తటి స్పాంజి కట్టి పైన గుడ్డ చుట్టాలి, గుద్దుకున్నా విరగకుండా. ప్రతి బొమ్మనీ నొక్కి చూసి టిక్కు పెట్టాలి. ఒక టిక్కుకి మూడు కాగితాలు. ఆ కాగితాలు నింపడానికే ఓ గంట పట్టింది.

ఉప్పాడ వైపు నుంచి ముగ్గురు ఆడపిల్లల జట్టొకటి వచ్చింది, వాళ్ళ సైన్సు మేడంతో. బొమ్మని నడిపే పిల్ల పొడుగ్గా, రెండు జడలు మడిచి కట్టుకుని ఉంది. వాళ్ళ బంపరు మీద నీలం గుడ్డ ఎంత నున్నగా కుట్టి ఉందో. దాన్నే నిమురుతూ ఉండిపోయాను.

"ఈ గుడ్డ ఎక్కడిదమ్మా?"

"మా మగ్గం మీదదండి. చివర మిగిలిన ముక్కండి."

"మీవాళ్ళు నేస్తారా?"

"ఆయ్. అమ్మా నాన్నా ఇద్దరూనండి. నేను తెగిన పోగులు అతుకుతానండి."

"ఏం చదువుతున్నావు?"

"పదోదండి. వచ్చే ఏడాది బడి జట్టులో ఉండనివ్వరు కదండి. ఇవాళ ఫైనలు గెలిచినవాళ్ళని రాష్ట్రం పోటీకి పంపుతారంటండి. మా బళ్ళోంచి దేనికీ ఎవరూ రాష్ట్రానికి వెళ్ళలేదండి ఇంతవరకూ."

పక్కనున్న పిల్ల దాన్ని మోచేత్తో పొడిచింది. "అందరికీ చెప్పుకోకే, దిష్టి."

"ఈవిడ రిఫరీయే, దిష్టేంటి," అంది ఈ పిల్ల. మళ్ళీ నా వైపు తిరిగింది. "అదిమిపడితే మీరు గట్టిగా లెక్కపెడతారు కదండి? నేను మిమ్మల్ని చూడనండి. కళ్ళు బొమ్మ మీదే ఉంటాయి. చెవులు మీకిస్తానండి."

ఇస్తానంది. ఇచ్చింది కూడా. నేనేం చేశానో చూడండి.

మధ్యాహ్నానికి ఆ పిల్లలు ఫైనలుకొచ్చారు. వాళ్ళకి పోటీ డెల్టా లోపలి టౌను నుంచి వచ్చిన ప్రైవేటు బడి. ఆ జట్టు నడిపేది కూడా ఒక అమ్మాయే, కళ్ళజోడు పెట్టుకున్న నెమ్మదైన పిల్ల. ఆ అమ్మాయి నాన్నగారు మాత్రం నెమ్మదికి దూరం. తాడు అవతల కుర్చీలో కూర్చోవలసిన మనిషి తాడు మీదే కూర్చున్నట్టున్నారు. మా మైదానానికి ఆనుకునే ఇంకో మైదానం ఉంది, అక్కడ చిన్న తరగతుల పిల్లల ఆట. అక్కడి రిఫరీ కూడా గొంతు చించుకుని లెక్కపెడుతూనే ఉన్నాడు. రేకుల పైకప్పు, ఫ్యాన్ల హోరు, చప్పట్లు. అన్నీ కలిసి ఒకటే రొద.

ఆట మొదలైంది. ఆ నీలం గుడ్డ బొమ్మ చకచకా బంతులు ఏరుతుంటే చూడముచ్చటగా ఉంది. రెండు నిమిషాలు దాటాక ఉప్పాడ పిల్లలు ఇరవైనాలుగు, టౌను పిల్లలు పద్దెనిమిది. టౌను బొమ్మ చేతిలో నాలుగు బంతులు పట్టుకుని బుట్ట వైపు వస్తోంది. అవి పడితే టౌను వాళ్ళే ముందుకెళ్ళిపోతారు. సరిగ్గా అప్పుడు మన పిల్ల అడ్డంగా వచ్చి ఆ బొమ్మని మూలకి తోసి గోడకి అదిమింది. ఆ గుద్దులో టౌను బొమ్మ చెయ్యి జారి ఈ బొమ్మలో తగులుకుని వెంటనే ఊడొచ్చింది. చిన్నదేలే అని దాన్ని వదిలేశాను. చెయ్యి పైకెత్తి లెక్క మొదలుపెట్టాను. ఐదయింది, వదల్లేదు. ఆరయింది, వదల్లేదు. విజిలు ఊదాను. బెల్లు కూడా అప్పుడే మోగింది.

టౌను జట్టుకి పది పాయింట్లు. ఇరవైఎనిమిది, ఇరవైనాలుగు. ఉప్పాడ పిల్లలు ఓడిపోయారు.

ఆ నీలం బొమ్మ పిల్ల రిమోట్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏడవలేదు. నా నోటికేసే చూస్తోంది. ఎందుకలా చూస్తోందో నాకర్థం కాలేదు.

ఇంతలో వాళ్ళ సైన్సు మేడం వచ్చేశారు. పెద్దవాళ్ళు మైదానం దగ్గరికి రాకూడదు, రిఫరీతో మాట్లాడకూడదు. అడగాలంటే నడిపిన పిల్లలే అడగాలి, నేల మీద టేపుతో గీసిన గడిలో నిలబడి, స్కోరు బోర్డు మీదకెక్కేలోపు. ఇది ఇంగ్లీషు పుస్తకంలో పెద్దక్షరాల్లో ఉంది. ఆవిడ చదివారో లేదో నాకు తెలీదు.

"అవతలివాళ్ళ బంపరు చూశారాండి, కింద ఎంత ఖాళీ ఉందో?"

"మేడంగారండి, మీరు రాకూడదండి," అన్నాడు లెక్చరరు.

"వాళ్ళ బ్యాటరీ బరువు తూచారా? మా పిల్లలు తెల్లవారకముందు బస్సెక్కారండి. మీకేం తెలుసు."

"మీరింకొక్క మాటంటే మీ జట్టుకి పసుపు కార్డు ఇవ్వాలండి. నేను కాదండి, రూలు."

పాపం ఆవిడ బంపరు అన్నారు, బ్యాటరీ అన్నారు, బస్సు అన్నారు. అడగాల్సింది తప్ప అన్నీ అడిగారు. ఉన్న కాసిని నిమిషాలూ అలా కరిగిపోతుంటే నాకు విసుగొచ్చింది. మీరు చూసి నవ్విన ఫొటో అప్పుడే ఎవరో తీశారు.

ఆవిడ వెనక్కి తగ్గాక ఆ పిల్ల వచ్చి టేపు గడిలో నిలబడింది. కాళ్ళు రెండూ గడి లోపలే ఉన్నాయో లేదో వంగి చూసుకుంది. చేతులు వెనక్కి కట్టుకుంది.

"ఏంటమ్మా నీ ప్రశ్న?" అన్నాడు లెక్చరరు.

"పెనాల్టీ ఎందుకేశారండి?"

"ఐదు దాటినా వదల్లేదు కాబట్టి."

"మమ్మల్ని లెక్కపెట్టలేదు కదండి."

"పెట్టానమ్మా, ఆరు దాకా పెట్టాను," అన్నాను నేను.

"మీరు ఒకటి అనలేదండి."

"అన్నాను."

"అనలేదండి." మాట మార్చలేదు. "ఒకటి అంటారని చూస్తూనే ఉన్నానండి. రెండూ మూడూ వినపడ్డాయి. అవి పక్క మైదానంలోవి అనుకున్నానండి."

లెక్చరరు నవ్వాడు. "నేను టీచరుగారి వెనకాలే ఉన్నానమ్మా. మొదటి నుంచీ శుభ్రంగా విన్నాను."

"మరి లాభం అని ఎందుకన్నారండి?"

నా నోట్లోంచి ఏమొచ్చిందో అప్పుడు తట్టింది నాకు.

మీకు తెలీదు కదా, చెప్తాను. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మా నాన్నగారు ఒకటి అనేవారు కాదు. మొదటి కుంచం పోస్తూ లాభం అనేవారు, తర్వాత రెండు, మూడు, నాలుగు. మొదటి మాట మంచి మాట కావాలని. నేను పక్కన నిలబడి ఆయనతో పాటు లెక్కపెట్టేదాన్ని. ఇప్పటికీ కుక్కర్లో బియ్యం పోసేటప్పుడు లాభం, రెండు అంటాను. మీ తాతగారికి ఇన్సులిన్ సూదులు లెక్కపెట్టి పెట్టేటప్పుడు కూడా లాభం అంటానని ఆయన వేళాకోళం చేస్తారు. తెలుగులో లెక్కపెట్టమంటే నా నోటికొచ్చే మొదటి అంకె అదే. అన్నానని కూడా నాకు తెలీదు. వెనకున్న లెక్చరరు ధాన్యం కొలిచే ఇంట్లో పుట్టినవాడే, వాడి చెవికి అది ఒకటిగానే వినపడింది. ఇద్దరం కలిసి అన్నాం, విన్నాం అని ఆ పిల్లని అబద్ధాలకోరుని చేసేస్తున్నాం.

"లాభం అంటే ఒకటే కదమ్మా," అన్నాడు వాడు, చిన్నపిల్లకి ఓనమాలు చెప్పినట్టు.

"మా కాగితంలో అలా లేదండి."

జేబులోంచి తీసింది. నాలుగు మడతల తెలుగు కాగితం. మూడో పేజీ తెరిచి వేలు పెట్టి చదివింది. "అవతలి జట్టు తప్పు చేసినప్పుడు, ఆట ఆపకుండా ఉంటేనే ఇవతలి జట్టుకి మేలనుకుంటే, రిఫరీ 'లాభం' అని చెప్పి ఆట కొనసాగనిస్తారు." తలెత్తింది. "వాళ్ళ చెయ్యి మా బొమ్మ లోపలికొచ్చి తగులుకుందండి. అది తప్పే కదండి. వెంటనే మీరు లాభం అన్నారండి. మమ్మల్ని కానివ్వమన్నారనుకున్నానండి."

ఆ కాగితం నేను తీసుకుని చూశాను. ఉంది, అక్షరం పొల్లుపోకుండా ఉంది.

"ఇది ఎవరు తెలుగు చేశారు నాన్నా?" అన్నాను.

లెక్చరరు మెడ గోక్కున్నాడు. "కంప్యూటరు చేసిందండి. ఇంగ్లీషులో అడ్వాంటేజ్ అనుంటదండి. ఒకసారి చూశాననే అనుకుంటున్నానండి."

చూశాడంట, అనుకుంటున్నాడంట. బంపరుకి మూడు కాగితాలు రాయించుకున్న మనుషులు.

తాడు అవతల నుంచి టౌను అమ్మాయి నాన్నగారు అందుకున్నారు. "లాభం అంటే ఒకటని మా ఇంట్లో పాలు తాగే పిల్లక్కూడా తెలుసండి. ఈ అమ్మాయికి తెలీకపోతే రిఫరీగారి తప్పా?"

ఆ పిల్ల వెనక్కి తిరగలేదు. గడిలోంచే చెప్పింది. "మాకు ధాన్యం లేదండి. మేం పోగులు లెక్కపెడతాం. పోగుల్లో ఒకటంటే ఒకటేనండి."

"చూశారా ఎదురు సమాధానం," అన్నారాయన.

"మీకూ పసుపు కార్డు ఉందండి," అన్నాడు లెక్చరరు. ఆయన కూర్చున్నారు, తాడు మీదే.

వాడు నన్ను పక్కకి తీసుకెళ్ళాడు. "టీచరుగారండి, స్కోరు ఎక్కించేద్దామండి. రిఫరీ మాటే ఆఖరని పుస్తకంలో ఉందండి. పులిహోర పొట్లాలు వచ్చేశాయి, ఇంకా బహుమతులు ఉన్నాయి, ముఖ్య అతిథిగారు గంట నుంచీ కూర్చున్నారండి."

"ఆఖరు మాట నాదే కదా. ఆ మాట తప్పని నేనే చెప్తున్నాను. తీసెయ్యి."

"మీరెప్పుడూ మార్చరనే కదండి మిమ్మల్ని పిలిచింది."

నిజమే. ఎవడో అరిస్తే మార్చకపోవడం వేరు, తప్పని తెలిశాక మార్చకపోవడం వేరు. ఇన్నేళ్ళూ ఆ రెండూ ఒకటే అనుకుని నన్ను మెచ్చుకున్నారు కాబోలు, ఆ మెప్పు మోస్తూ నేనూ అలాగే అనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది నా మీద నాకే.

ఇంతలో టౌను జట్టు కళ్ళజోడు పిల్ల కూడా వచ్చి గడి దగ్గర నిలబడింది. నాన్న పిలుస్తున్నా ఆగలేదు. "మేడం, పెనాల్టీ తీసేస్తే వాళ్ళే గెలుస్తారు కదండి. కానీ మమ్మల్ని నిజంగానే ఆరు దాకా పట్టుకున్నారండి. వదిలుంటే నాలుగు బంతులు వేసేదాన్నేమోనండి."

అదీ నిజమే. పెనాల్టీ ఉంచితే ఒకళ్ళకి అన్యాయం, తీసేస్తే ఇంకొకళ్ళకి. నలభై పేజీల పుస్తకంలో బొమ్మ తప్పు చేస్తే ఏం చెయ్యాలో ఉంది, పిల్ల తప్పు చేస్తే ఉంది, తల్లి అరిస్తే ఉంది, మాస్టారు అరిస్తే ఉంది. రిఫరీ తప్పు చేస్తే ఏం చెయ్యాలో ఒక్క లైను లేదు. మళ్ళీ ఆడించడానికి ఒకే ఒక్క కారణం రాసుంది. మైదానంలో లోపం. గోడ ఊడినా, కరెంటు పోయినా, గడియారం ఆగినా.

"మైదానంలో లోపమని రాయి," అన్నాను.

"లోపం ఏముందండి మైదానంలో?"

"నా నోరు. అది మైదానంలోదే కదా. అది పాడైందని రాయి."

"అలా ఎలా రాస్తామండి?"

"గడియారం ఆగిపోతే రాస్తావు కదా. నీకు ఇవాళ గడియారాన్ని నేనే. ఒకటి కొట్టలేదు."

వాడు తల పట్టుకున్నాడు. రాశాడు మొత్తానికి. 'లెక్క వినిపించే ఏర్పాటులో లోపం' అని రాశాడు, నా పేరు రాకుండా. నేను ఏర్పాటునయ్యాను.

మళ్ళీ ఆట అన్నారు. సైన్సు మేడం, మేం గెలిచిన ఆట మళ్ళీ ఎందుకాడాలన్నారు. టౌను పిల్ల నాన్నగారు, మేం గెలిచిన ఆట మళ్ళీ ఎందుకాడాలన్నారు. ఇద్దరూ అదే వాక్యం. ఆ ఇద్దరు పిల్లలు మాత్రం బ్యాటరీలు మార్చుకుని వచ్చేశారు.

మొదలుపెట్టబోయే ముందు ఉప్పాడ పిల్ల దగ్గరికెళ్ళి, "ఈసారి ఒకటి అంటానమ్మా," అన్నాను.

"ఆయ్," అంది. నా కళ్ళలోకి చూడలేదు.

ఆట సాగింది. మొదటి నిమిషం సమానంగానే ఉన్నారు. తర్వాత టౌను బొమ్మ మూల వైపు దొరికింది. మన పిల్ల దాన్ని బాగా అదిమింది. నేను పక్కనున్న మైదానం రొద మింగేసేలా అరిచాను. ఒకటి. రెండు. మూడు అనకముందే బొమ్మని వెనక్కి లాగేసింది. అవతలి బొమ్మ జారుకుని రెండు బంతులు వేసింది. ఇంకోసారి చిక్కింది. ఒకటి, రెండు, మూడు. మళ్ళీ వదిలేసింది. ఐదు దాకా దాని హక్కే. ఇంకా రెండు లెక్కలు మిగిలి ఉన్నాయి, ఆ రెండు లెక్కల్లో గడియారం కరిగిపోయేది. లోపల నేను పట్టుకో, పట్టుకో అనుకుంటున్నాను. అనుకోవడానికి కూడా లేదు నాకు, చారల చొక్కా వేసుకున్నాను. పక్కనున్న దాని స్నేహితురాలు, "ఉంచవే, ఇంకా ఉందే," అని గింజుకుంటోంది. మూడోసారి అసలు గట్టిగా అదమనే లేదు. గోడకి ఆనించి, ఒకటి వినపడగానే వదిలేసింది.

బెల్లు మోగింది. ఇరవైరెండు, పదహారు. టౌను పిల్లలు గెలిచారు. ఈసారి మారు మాట్లాడేందుకేమీ లేదు.

కళ్ళజోడు పిల్ల వచ్చి చెయ్యి కలిపింది, ఈ పిల్ల కలిపింది. సైన్సు మేడం ఆ పిల్ల మొహం చూసి నీళ్ళ సీసా చేతికిచ్చారు. నడిపినవాళ్ళు స్కోరు కాగితం మీద సంతకం చెయ్యాలి. వచ్చింది.

"ఈసారి ఒకటే అన్నారండి," అంది. దెప్పడం కాదు. నాకు బాధ లేకుండా చెప్పాలనుకుంది, పిచ్చిది.

"మరి మూడుకే ఎందుకు వదిలేశావమ్మా? ఐదు దాకా నీదే కదా."

"తెలుసండి." సంతకం గుండ్రంగా పెట్టింది. "వేలు ఆగలేదండి. మీరు మొదలుపెట్టగానే అదే వెనక్కొచ్చేసిందండి."

పెన్ను నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. బొమ్మని అట్టపెట్టెలో పెట్టి ముగ్గురూ కలిసి మోసుకుంటూ గుమ్మం దాటారు. రాష్ట్రం పోటీకి ఆ బళ్ళోంచి ఇంకా ఎవరూ వెళ్ళలేదు.

లెక్చరరు పక్కకొచ్చి కాగితం చూసి ఊపిరి పీల్చుకున్నాడు. "చూశారా టీచరుగారండి, ఆఖరికి ఎంత బాగా జరిగిందో. రెండు జట్లకీ ఒక్క పెనాల్టీ లేదు. పొద్దుట్నుంచీ ఆడినవాటిల్లో ఇదేనండి క్లీన్ మ్యాచ్."

పెనాల్టీల గడిలో సున్నా రాసి ఉంది. ఆ పిల్ల మూడుసార్లు చెయ్యి వెనక్కి తీసుకుంది, అది రాయడానికి ఏ గడీ లేదు. ఎక్కడ రాయాలని అడిగాను.

"ఏంటండి రాసేది? ఏమీ జరగలేదు కదండి," అన్నాడు.

సున్నా కింద నేను సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపించాడు. పెట్టాను.